అమ్మిన డబ్బంతా మీ సంపాదన కాదండి

ప్రశ్న: నా వయసు 52. చిన్న ఊళ్లో 24 ఏళ్లుగా పాత కార్లు కొని అమ్ముతున్నాను. ప్రతి కారు మీద వచ్చిన తేడాలో పదో వంతు అదే రోజు తీసి చర్చికి ఇస్తాను, పెళ్లైన కొత్తలో నేనూ నా భార్యా అనుకున్న మాట ఇది. లెక్కలు ఆమే రాస్తుంది. యార్డులో ఎప్పుడూ 14 బండ్ల దాకా ఉంటాయి, వాటి కోసం ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకున్నాను. వ్యాపారం బాగానే నడుస్తోంది కానీ నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండటం లేదు. అబ్బాయి వ్యాపారంలోకి వస్తానంటున్నాడు, అమ్మాయి చదువుకుంటోంది. కానుక తగ్గించుకోమని మా బావమరిది పోరు పెడుతున్నాడు, నాకు మనసు ఒప్పడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: పదో వంతు ఇవ్వడం మానొద్దండి. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. తేడా ఎక్కడొస్తోందంటే, దేంట్లో పదో వంతు తీస్తున్నారో అక్కడ.

మీరు పంపిన నోటుబుక్కు పేజీ ఫొటో చాలాసేపు చూశాను. ఎడమ పక్క బండి నంబరు, కొన్న ధర, రిపేరు ఖర్చు, కుడి పక్క అమ్మిన ధర, కింద తేడా, దాని కింద మీ ఆవిడ చేతిరాతతో ‘కానుక’ అని రాసి చుట్టూ గుండ్రంగా గీత. అంత శ్రద్ధగా రాసిన పేజీలో లోను వడ్డీకి గడి లేదు, స్థలం అద్దెకు లేదు, బండ్లు తుడిచే కుర్రాడి జీతానికి లేదు, ఇన్నేళ్లుగా ఆ లెక్కలు రాస్తున్న ఆవిడకైతే జీతమే లేదు.

ఒక బండి 100కి కొన్నారనుకోండి. డెంటింగు, టైర్లు, చిల్లర పనులు కలిపి 6 పెట్టారు, 116కి అమ్మారు. మీ పుస్తకంలో రిపేరు పోను తేడా 10, అందులో 1 కానుక. కానీ ఆ బండి మూడు నెలలు యార్డులో ఉంది, నెలకు నూటికి 1 చొప్పున వడ్డీ 3 అయింది, అద్దె, జీతాల్లో ఆ బండి వంతు ఇంకో 4. నిజంగా మిగిలింది 3. అందులోంచి 1 ఇచ్చారంటే పదో వంతు కాదండి, మూడో వంతు ఇచ్చారు. పైగా ఆ సాయంత్రం జేబులో 116 కనబడుతుంది కాబట్టి ఇంటి ఖర్చు, స్కూలు ఫీజు, ఎవరికో చేబదులు అన్నీ అందులోంచే పోతాయి, తర్వాతి బండి కొనడానికి మళ్లీ లోను మీదే పడతారు. ఇల్లు ఎందుకు విడిపించుకోలేకపోతున్నారో ఇదే కారణం. అదే బండి ఆరు నెలలు కదలకపోతే వడ్డీయే 6, అద్దె, జీతాల వంతు పెరగలేదనుకున్నా మిగిలేది సున్నా, ఆ లోపు మోడల్ పాతబడి ధర పడిపోవడం అదనం.

వాక్యం విడమరచి చెప్పడం పాస్టర్ గారి పని, ఆయన్నీ అడగండి. కానీ ద్వితీయోపదేశకాండం 14:22లో దశమభాగం తీయమన్నది విత్తనం వల్ల వచ్చిన పంటలోంచి. విత్తనాన్నే తీసి ఇమ్మనలేదు. మీ వ్యాపారంలో బండి కొన్న డబ్బు, వడ్డీ, జీతాలు విత్తనం కిందికే వస్తాయని నేను అనుకుంటున్నాను. ఏ రోజుకారోజు కాకుండా మూడు నెలలకోసారి అన్ని ఖర్చులూ పోను మిగిలిన లాభం తేల్చి, అందులో పదో వంతు వేరే ఖాతాలో వేసి అక్కణ్ణుంచి ఇవ్వండి. 1494లో వెనిస్‌లో జంట పద్దు విధానం, అంటే ప్రతి లావాదేవీని రెండు పద్దుల్లో రాసే పద్ధతి గురించి అచ్చేయించిన లూకా పచోలీ క్రైస్తవ సన్యాసి, దేవుడి పేరుతో లెక్కల పుస్తకం మొదలుపెట్టమని చెప్పినవాడే ఇంటి ఖర్చుకు వేరే పద్దు రాయమనీ చెప్పాడు. భక్తి ఉన్నవాళ్లకు లెక్క చిన్న పనేం కాదండి.

కాబట్టి మీరూ మీ ఆవిడా యార్డు నుంచి జీతం తీసుకోండి, నెలకు ఒకే తారీఖున, ఒకే మొత్తం. ఇల్లు దాంట్లోనే నడవాలి. మొదట్లో ఇరుకుగా ఉంటుంది, తప్పదు.

ఇక హామీ సంతకాలు. మీ దగ్గర బండి కొన్న నలుగురి లోన్లకు మీరు గ్యారంటీ ఉన్నారని ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నాకు అన్నిటికన్నా భయం వేసింది అక్కడే. వాళ్లు చర్చిలో మీ పక్కన కూర్చునేవాళ్లే, కాదనడం కష్టమే. కానీ వాళ్లు కట్టకపోతే బ్యాంకు వచ్చేది మీ దగ్గరికి, అంటే ఇప్పటికే తాకట్టులో ఉన్న ఇంటి మీదికి. అప్పులకు పూటపడొద్దని సామెతల గ్రంథం 22వ అధ్యాయంలోనే ఉంది, అది చూపించి ఇక మీదట సున్నితంగా కాదనండి.

నెలలోపు ఇంజిను మొరాయిస్తే బండి వెనక్కి తీసుకుంటానంటారు కదా, దాన్ని మాత్రం వదలకండి. పాత కారులో లోపం అమ్మేవాడికి తెలుస్తుంది, కొనేవాడికి తెలియదు, ఆ అనుమానం వల్లే మంచి బండ్లు కూడా బజారు నుంచి తప్పుకుంటాయని జార్జ్ అకెర్లాఫ్ 1970లో రాశాడు, 2001లో ఆయనకు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇన్నేళ్లుగా మీ మాట మీద జనం బండి కొంటున్నారంటే ఆ అనుమానాన్ని మీరు పోగొట్టారనే కదా. అయితే ఆ మాట నిలబెట్టుకోవడానికి ప్రతి బండి ధరలో నూటికి 1 చొప్పున పక్కన పెట్టండి, లాభం తేల్చడానికి ముందే.

మీ పేరు మీద టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బొచ్చే బీమా, లేదు. లోను మొత్తం, దానికి తోడు అమ్మాయి చదువు, పదేళ్ల ఇంటి ఖర్చు కలిపి ఎంతవుతుందో అంతకు తీసుకోండి. 52లో ప్రీమియం ఎక్కువే, ఇంకో ఏడాది ఆగితే ఇంకా ఎక్కువ. షుగరు, బీపీ ఏమున్నా దాచకుండా రాయండి.

అబ్బాయికి ఇప్పుడే వాటా ఇవ్వొద్దు. ఏడాది పాటు జీతానికి పెట్టుకోండి, బండి కొనే బేరాలకు వెంట తీసుకెళ్లండి, ఈ వ్యాపారంలో లాభం ఉండేది కొనే దగ్గరే. యార్డు వాడికైతే అమ్మాయికి ఏం వస్తుందో వీలునామాలో రాసిపెట్టండి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పి మరీ రాయండి.

ఫొటోలో వెనకాల చెట్టు కింద రెండు బండ్లు కనిపిస్తున్నాయి, అద్దాల నిండా ఎండుటాకులు, ఒకదానికి గాలి దిగిపోయి రిమ్ము నేలకు ఆనింది. వాటిని ఈ నెలలోనే ఎంతకొస్తే అంతకు అమ్మేయండి, వచ్చింది నేరుగా ఇంటి లోనుకు కట్టండి, వాటి స్థానంలో కొత్తవి తేవద్దు. 14 బండ్లు 9కి దిగాక ఒకసారి మళ్లీ ఆ పుస్తకం పేజీ ఫొటో తీసి పంపండి, మీ ఆవిడ జీతం గడితో సహా.