ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ బంద్ చేసి చూడండి

ప్రశ్న: దేవరకొండ దగ్గర మా తాత కట్టిన పెంకుటిల్లు ఉంది. వంటింట్లో కట్టెల పొయ్యి, దాని మీద ఇటుకల పొగగొట్టం. గ్యాస్ వచ్చాక 20 ఏళ్లుగా ముట్టించలేదు. అమ్మ జొన్నరొట్టెలు కట్టెల మీదే చేస్తానంటే సంక్రాంతికి ముట్టించాం. పొగంతా ఇంట్లోకే కమ్మేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినా ఆగక, అందరం కళ్లు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చిపడ్డాం. మేస్త్రీ ఏమో పొయ్యి, గొట్టం మొత్తం సిమెంట్ చేసేద్దాం అంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: వద్దు, మేస్త్రీని కొన్నాళ్లు ఆపండి. ఫ్యాన్ వేసినా ఆగలేదంటున్నారు, నాకైతే ఫ్యాన్ వేయడం వల్లే పొగ ఇంకా ఎక్కువైందనిపిస్తోంది. అది గదిలో గాలిని బయటికి తోసేస్తుంటే ఆ లోటు పూడ్చడానికి గాలి ఎక్కడి నుంచో రావాలి కదా, చలికి కిటికీలు మూసి ఉంటే గొట్టంలోంచే దిగుతుంది, పొగను వెంటబెట్టుకుని. ఈసారి ఫ్యాన్ బంద్ చేసి ఒక కిటికీ తెరవండి.

అయితే ముట్టించే ముందు, మిట్టమధ్యాహ్నం పొయ్యిలో అద్దం పెట్టి పైకి చూడండి. ఆకాశం కనబడకపోతే పక్షిగూడో, కందిరీగల తుట్టెనో, ఊడిన ఇటుకో అడ్డం ఉన్నట్టే. లోపలి గోడలకు నల్లగా నిగనిగలాడే తారు లాంటి పొర ఉంటే గీకించాల్సిందే, ఎందుకంటే దానికి గొట్టంలోనే నిప్పంటుకుంటుంది, మీ పైకప్పు చూస్తే వాసాలన్నీ కట్టెవే. గొట్టం పైకప్పు దాటే చోట పగుళ్లు ఉన్నాయేమో టార్చ్ వేసి చూడండి. మంట తగిలే చోట ఉత్త సిమెంట్ వేడికి పగిలిపోతుంది, ఎర్రమట్టిలో ఊక కలిపి మెత్తితే చాలు, మన పెద్దోళ్లు అదే చేసేవాళ్లు.

గొట్టం పైకప్పు మీద కనీసం 3 అడుగులు లేవాలి, 10 అడుగుల లోపల ఎత్తయిన గోడ ఏదైనా ఉంటే దానికన్నా 2 అడుగులు పైకుండాలి. పక్కింటివాళ్లు ఈ మధ్య మీద అంతస్తు వేశారేమో చూడండి.

చల్లబడిన గొట్టం మొదట పొగ లాగదు. కట్టెలకంటే ముందు, మండే కాగితం గొట్టం మొదట్లో కాసేపు పట్టుకోండి. ఇక కట్టెలు: నిన్న కొట్టిన సర్కారు తుమ్మ పెడితే పొగే, దాంట్లో నీళ్లే ఎక్కువ. చీల్చి ఒక ఎండాకాలం పూర్తిగా ఎండనివ్వండి, రెండు ముక్కలు కొడితే టంగుమనాలి, దబ్బుమంటే పచ్చివే. అంటించడానికి మీ చేల పత్తికట్టె ఉండనే ఉంది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా, నిప్పులు ఉండగా తలుపులు బిగించి ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇవన్నీ చేశాక కూడా పొగ వెనక్కి కొడితే, అప్పుడు మేస్త్రీని పిలవండి, సిమెంట్‌కు కాదు, గొట్టం ఎత్తు పెంచడానికి.