వెనక చక్రాలతో నడిచే స్పోర్ట్స్ కారు వానలో జారితే ముందుగా కొలవవలసినవి టైర్లు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటున్న మీరు ఈ వేసవిలో సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ జెడ్4 కొన్నారు. అక్టోబరు చివరలో ఒక ఉదయం, రాత్రంతా వాన కురిసిన తరువాత, ఆటోబాన్ హైవే నుంచి దిగే వంపు దారిలో గంటకు సుమారు 60 కిలోమీటర్ల వేగంతో వస్తూ, వేగం కాస్త ఎక్కువైందనిపించి యాక్సిలరేటర్ మీద నుంచి ఒక్కసారిగా కాలు తీశారు. ఆ క్షణంలోనే కారు వెనక భాగం పక్కకు జారి పక్క వరుసలోకి సగం దాకా వెళ్లింది. అదృష్టవశాత్తు అక్కడ మరో వాహనం లేదు. ఎండాకాలంలో అదే వంపులో ఇంతకంటే వేగంగా వెళ్లినా ఏమీ కాలేదు కాబట్టి లోపం కారులో ఉందా, నడపడంలో ఉందా, కారును అమ్మేయడమే మంచిదా అని అడిగారు.

నేను కొన్నేళ్లుగా బెర్లిన్‌లో మాజ్దా ఎంఎక్స్-5 నడుపుతున్నాను. అదీ వెనక చక్రాలతో నడిచే తేలికపాటి రెండు సీట్ల కారే. ఈ అనుభవంతో నేను చెప్పగలిగేది ఏమిటంటే, అమ్మకం సంగతి పక్కన పెట్టి, ఈ రోజే నాలుగు టైర్ల గాడుల లోతు కొలవండి. మీరు రాసిన వివరాలలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసింది 'ఎండలో ఏమీ కాలేదు' అన్న మాట, ఎందుకంటే అరిగిన టైరు పొడి రోడ్డు మీద తన బలహీనతను బయటపెట్టదు. గాడుల లోతు తగ్గేకొద్దీ వాటి మధ్య ఉన్న రబ్బరు దిమ్మెలు పొట్టివై తక్కువగా ఊగుతాయి కాబట్టి పొడి రోడ్డు మీద పట్టు కొంచెం పెరిగినా పెరుగుతుంది. రేసు కార్లకు పొడి రోజుల్లో గాడులే లేని టైర్లు వేయడానికి కారణం అదే. అడుగు అరిగిన హవాయి చెప్పులు వాకిట్లో ఏ ఇబ్బందీ పెట్టకుండా, తడి గచ్చు మీద అడుగు పెట్టగానే సర్రున జారిపోయినట్టు, ఆ టైరు సంగతి మొదటి గట్టి వానలో గాని తెలియదు.

మీ కారుకు ఇది మరింతగా వర్తిస్తుంది. ఇంజను బలమంతా వెనక చక్రాల మీదనే పడుతుంది కాబట్టి అవి ముందువాటి కంటే త్వరగా అరుగుతాయి. 18 అంగుళాల చక్రాలున్న పాత తరాల జెడ్4లలో ముందు టైరు వెడల్పు 225 మిల్లీమీటర్లయితే వెనక టైరుది 255 ఉండడం మామూలు. కొలతలు వేరు కావడం వలన ముందువాటిని వెనక్కి, వెనకవాటిని ముందుకు మార్చి అరుగుదలను సమం చేసే అవకాశం లేదు. అందువలన ముందు 6 మిల్లీమీటర్లు, వెనక 3 మిల్లీమీటర్లు మిగిలిన స్థితిలో ఇలాంటి కార్లు చేతులు మారడం చాలా సాధారణం. అంటే ముందు భాగం వానలో చక్కగా వంపు తిరుగుతుంది, వెనక భాగం దాన్ని అనుసరించలేదు.

వెడల్పు టైరు కాబట్టి వానలో పట్టు ఎక్కువ ఉంటుందని చాలామంది అనుకుంటారు. గాడుల్లో లోతు ఉన్నంతవరకు ఆ నమ్మకం ఫరవాలేదు గాని, లోతు పోయాక వెడల్పే బరువవుతుంది. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉందనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 255 మిల్లీమీటర్ల టైరు తన దారిలో ఉన్న నీటిని తొలగించాలంటే సెకనుకు దాదాపు 17 లీటర్లు పక్కకు నెట్టాలి. 225 టైరుకైతే 15 లీటర్లు చాలు. ఎక్కువ నీటిని నెట్టవలసిన టైరుకే తక్కువ లోతు మిగిలి ఉండడం ఇక్కడి చిక్కు.

మీకు జరిగింది కారు పూర్తిగా నీటి మీద తేలిపోవడం అని నేను అనుకోవడం లేదు. 1963లో నాసా పరిశోధకులు హార్న్, డ్రెహర్ విమానాల టైర్ల మీద చేసిన ప్రయోగాల నుంచి ఒక లెక్క ఇచ్చారు. టైరులోని గాలి పీడనాన్ని పీఎస్ఐలలో తీసుకుని దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే, నిండా నీరున్న రన్‌వే మీద టైరు తేలే వేగం నాట్లలో (విమానాల వేగానికి వాడే కొలమానం) వస్తుంది. 32 పీఎస్ఐకి అది గంటకు సుమారు 94 కిలోమీటర్లు, గాలి తగ్గి 26 పీఎస్ఐ అయితే సుమారు 85. కారు టైరుకు దీన్ని అక్షరాలా వర్తింపజేయలేము, కాని 60 కిలోమీటర్ల వేగం ఆ హద్దుకు చాలా దిగువన ఉంది. కాబట్టి వెనక టైర్లు రోడ్డును తాకుతూనే, సన్నని నీటి పొర వలన సగం పట్టుతో నడుస్తున్నాయని, ఆ మిగిలిన సగాన్ని మీరు కాలు తీసిన చర్య వాడేసిందని నా అభిప్రాయం.

ఈ కాలు తీయడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మనలో చాలామంది హైదరాబాదులోనో విజయవాడలోనో స్విఫ్ట్, ఐ20 వంటి ముందు చక్రాలతో నడిచే కార్ల మీద నడపడం నేర్చుకున్నవాళ్లం. ఆ కార్లు వంపులో వేగం ఎక్కువైతే ముక్కు బయటికి పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే మెల్లగా దారికి వస్తుంది. అందువలన భయం వేయగానే కాలు వెనక్కి తీయడం మనకు అలవాటైపోయింది. వెనక చక్రాల కారులో అదే పని చేస్తే రెండు విషయాలు ఒకేసారి జరుగుతాయి. బరువు కొంత ముందుకు వాలి వెనక టైర్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. ఇంజను వెనక్కి లాగే బలమంతా, అంటే ఇంజను బ్రేకింగంతా, ఆ తేలికపడిన వెనక టైర్ల మీదనే పడుతుంది. ఒక టైరు తన పట్టును కారును పక్కకు జారకుండా ఆపడానికీ, వేగం తగ్గించడానికీ పంచుకోవలసిందే. తడిలో ఆ మొత్తమే తక్కువ, కాబట్టి పొడి రోడ్డు మీద లెక్కకు రాని ఇంజను బ్రేకింగు వానలో పెద్ద వాటాను తినేస్తుంది. కాలు తీయడం తప్పు కాదు, ఒక్కసారిగా తీయడమే ప్రమాదం. వంపులోకి రాకముందే వేగం తగ్గించుకుని, లోపల యాక్సిలరేటర్‌ను స్వల్పంగా తొక్కి ఉంచాలి.

నా కారుతో ఈ తేడా స్పష్టంగా చూశాను. తూర్పు బెర్లిన్‌లో మా ఇంటికి వచ్చే దారిలో ఒక చోట ట్రాము పట్టాలను ఏటవాలుగా దాటుతూ కుడికి తిరగాలి. కారు కొన్న కొత్తలో వాన పడిన ప్రతిసారీ వెనక చక్రం పట్టా మీదికి రాగానే నడుము దగ్గర సీటు చిన్నగా పక్కకు తోసినట్టు తెలిసేది, స్టీరింగులో మాత్రం ఏమీ తెలిసేది కాదు. టైర్ల దుకాణంలో చూపిస్తే చట్టం చెప్పే 1.6 మిల్లీమీటర్ల కంటే ఎక్కువే ఉంది, ఇంకో ఏడాది నడుస్తుందని చెప్పి పంపేశారు. ఆ సమాధానం చట్టానికి సరిపోతుంది గాని వానకు సరిపోదు. జర్మనీలో వాహనదారుల సంఘం ఏడీఏసీ వేసవి టైర్లను 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చమంటుంది. వెనక రెండు టైర్లూ కొత్తవి వేయించాక అదే మలుపులో, అదే వేగంలో సీటు నిశ్చలంగా ఉంది. కారులో మరేదీ మార్చలేదు.

కొలవడానికి ప్రత్యేక పరికరం కూడా అక్కర్లేదు. 1 యూరో నాణెం అంచున ఉండే బంగారు రంగు పట్టీ వెడల్పు 3 మిల్లీమీటర్లు. నాణేన్ని గాడిలో నిలువుగా దించినప్పుడు ఆ పట్టీ పైకి కనిపిస్తే టైరు మార్చవలసిన సమయం వచ్చినట్టే. మధ్యలో ఒక్కచోట కొలిచి సరిపెట్టుకోవద్దు. ఇలాంటి కార్లలో వెనక చక్రాలు పై భాగంలో లోపలికి వంగి ఉంటాయి కాబట్టి టైరు లోపలి అంచు ముందుగా అరుగుతుంది, నిలబడి చూస్తే అది కనిపించదు. మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, ఆ అంచును వేలితో తడమండి. టైరు పక్కన డాట్ అన్న అక్షరాల వరుస చివర ఉన్న నాలుగు అంకెలు కూడా రాసుకోండి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. లోతు బాగానే ఉన్నా, ఏళ్లు గడిచి గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోలేదు. పైగా వేసవి టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో బిగుసుకుంటుంది. అక్టోబరు చివరి ఉదయం, వంపులో రాలిన ఆకులు, రాత్రంతా వాన, వీటిలో ఏ ఒక్కటీ మీకు అనుకూలం కాదు.

టైర్ల తరువాత స్థానం శిక్షణది. బెర్లిన్‌కు నైరుతిలో లింటెలో ఏడీఏసీ శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ నేలలో అమర్చిన ఒక ఉక్కు పలక మీదుగా కారు వెళ్తుండగా, ఆ పలక కుడికో ఎడమకో హఠాత్తుగా కదిలి వెనక చక్రాలను పక్కకు తన్నుతుంది. ఆ తరువాతి నేల తడిపిన నున్నటి గచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో నేను సరిచేసుకోగలిగిన జారుడు, 50 దగ్గర స్టీరింగు తిప్పేలోపే గుండ్రంగా తిరగడంగా మారింది. 10 కిలోమీటర్ల తేడాతో వేగం వలన కారుకు ఉండే శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుందని అక్కడ శరీరానికి తెలిసింది. శిక్షకుడు పదేపదే చెప్పింది, చూపు వెళ్లవలసిన దారి మీద ఉంచమని, కారు వెనక భాగం ఎటు జారితే అటే స్టీరింగు వెంటనే తిప్పమని, మాన్యువల్ గేరు అయితే క్లచ్ నొక్కి ఇంజను లాగుడును తెంచమని. అంతకంటే కష్టమైనది రెండో సగం: పట్టు తిరిగి వచ్చిన క్షణంలో స్టీరింగును అంతే వేగంగా నిటారుగా తీసుకురాకపోతే కారు ఎదురు దిక్కుకు ఇంకా బలంగా విసురుతుంది. ఇక నిలవదు, తిరిగిపోతోంది అనిపిస్తే బ్రేకును పూర్తి బలంతో తొక్కి పట్టుకోవడమే. రోడ్డు మీద దీన్ని సాధన చేయాలని చూడకండి.

మీ కారులోని డీఎస్‌సీ, అంటే జారుడును అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ, ఆ రోజు మిమ్మల్ని కాపాడిందనే నేను నమ్ముతున్నాను. స్టీరింగు కోణాన్నీ, కారు నిజంగా తిరుగుతున్న వేగాన్నీ పోల్చి చూసి, వెనక భాగం జారుతోందని గ్రహించగానే అది బయటివైపు ముందు చక్రానికి మాత్రమే బ్రేకు వేసి కారును నిటారుగా లాగుతుంది. సగం వరుస దగ్గరే ఆగడానికి అది ఒక కారణం. కాని లేని పట్టును అది సృష్టించలేదు. వానలో స్పోర్ట్ ప్లస్ మోడ్ వాడకండి. అందులో ఈ వ్యవస్థ ఎక్కువ జారుడును అనుమతిస్తుంది.

కారును అమ్మవలసిన అవసరం నాకు కనిపించడం లేదు, కొత్త వెనక టైర్లు వేశాక కూడా మామూలు వేగంలో వెనక భాగం జారుతుంటే మాత్రం వెనక చక్రాల అలైన్‌మెంటు కొలిపించాలి. అప్పటిదాకా తడి వంపుల్లో ఆ కారును నెమ్మదిగా నడపండి. నాలుగు టైర్లకూ లోపల, మధ్య, బయట లోతులు, డాట్ అంకెలు, చల్లగా ఉన్నప్పటి గాలి పీడనం ఇక్కడ రాస్తే, ఏది ముందు మార్చాలో ఇంకా నిర్దిష్టంగా చెప్పగలను.