కాలు పోయిన మనిషి పరిహారంలో ముప్పై శాతం లాయరుకా?

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. మా ఆయనకు 34 ఏళ్లు, బేల్దారి పని. నాలుగు నెలల కింద బండి మీద వెనక కూర్చుని పనికి పోతుంటే లారీ గుద్దింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. అంతకుముందు నెలకు 15,000 దాకా తెచ్చేవారు. నేను మిషను కుట్టి 5,000 సంపాదిస్తాను. ఆసుపత్రి ఖర్చుకు తెచ్చిన లక్ష రూపాయల అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీ మీద నడుస్తోంది. ఊళ్లో ఒకాయన సదరం వైకల్య పరీక్షలో శాతం ఎక్కువ వేయించి పింఛను తెప్పిస్తాను, 15,000 ఇమ్మంటున్నాడు. ఒక లాయరు పరిహారం కేసు వేస్తాను, వచ్చినదాంట్లో 30 శాతం ఇవ్వాలి, ముందు కొన్ని ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టండి అంటున్నారు. మాకు దారి చెప్పండి.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది పింఛను సంగతి కాదు, 'నాలుగు నెలలు' అన్న మాట. రోడ్డు ప్రమాద పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో (ఈ కేసులు చూసే కోర్టులో) పిటిషన్ ఆరు నెలల్లోపు వేయాలని మోటారు వాహనాల చట్టంలో తెచ్చిన మార్పు 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఈ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లు ఉన్నారు. అయినా ఆ ధైర్యంతో మనం ఊరుకోకూడదు. మీ చేతిలో ఇంకా రెండు నెలలున్నాయి. సదరం సర్టిఫికెట్ వచ్చాకే కేసు వేయాలేమో అని చాలామంది ఆగిపోతారు. ఆగక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, ఆసుపత్రి బిల్లులు, ఆధార్ ఉంటే పిటిషన్ పడుతుంది. సర్టిఫికెట్ విచారణ నడిచేటప్పుడు దాఖలు చేసుకోవచ్చు. పరిహారం మీద వడ్డీ కూడా మామూలుగా పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్కిస్తారు కాబట్టి ఆలస్యమైన ప్రతి నెలా మీకే నష్టం. ప్రమాదం ఏ జిల్లాలో జరిగినా, మీరు ఉంటున్న ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేసుకునే హక్కు చట్టం ఇచ్చింది.

ఇక ఆ 30 శాతం. ఇది మామూలే కదా అని మీకు ఎవరైనా చెప్పి ఉంటారు. మన దేశంలో లాయరు ఫీజును గెలుపోటములకు ముడిపెట్టకూడదు, వచ్చిన సొమ్ములో వాటా మాట్లాడుకోకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లోనే ఈ మాట స్పష్టంగా ఉంది. కర్నూలు కోర్టులో నిజాయితీగా పనిచేసే లాయర్లు చాలామంది ఉన్నారు. వాళ్లు ఇంత ఫీజు అని ముందే చెబుతారు, విడతల వారీగా తీసుకుంటారు, రసీదు ఇస్తారు. లాయరు దగ్గర మీరు సంతకం పెట్టాల్సింది వకాలత్ (మా తరఫున వాదించమని ఇచ్చే కాగితం) మీద, చదివి వినిపించిన పిటిషన్ మీద. ఖాళీ కాగితం, ఖాళీ చెక్కు, బ్యాంకు విత్‌డ్రాయల్ ఫారం, వీటి మీద ఎవరు అడిగినా పెట్టొద్దు.

మీ విషయంలో అసలు ఫీజు కట్టాల్సిన పనే లేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, వైకల్యం ఉన్నవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే లాయరును ఇస్తుంది. కర్నూలు జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. తెల్లకాగితం మీద అర్జీ రాసుకుని, ఉన్న కాగితాల జిరాక్సులు జత చేసి ఇవ్వండి. ముందు ఫోన్‌లో కనుక్కోవాలంటే 15100 నంబరు ఉంది. ఉచితంగా వచ్చే లాయరు సరిగా వాదిస్తాడా అన్న అనుమానం మన జనంలో ఉంది. వాళ్లూ అదే కోర్టులో ప్రాక్టీసు చేసే లాయర్లే. పని జరగడం లేదనిపిస్తే అదే ఆఫీసులో చెప్పి వేరే లాయరును అడగవచ్చు.

ఈ కేసులో ఎంత సొమ్ము ఆధారపడి ఉందో మీకు తెలియాలి కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. ఇది నా అంచనా మాత్రమే, తీర్పు ట్రిబ్యునల్‌ది. నెల ఆదాయం 15,000. సొంతంగా పనిచేసుకునే, 40 ఏళ్లు దాటని మనిషికి భవిష్యత్తులో సంపాదన పెరిగేదని 40 శాతం కలుపుతారు. అంటే 21,000. ఏడాదికి 2,52,000. 31 నుంచి 35 ఏళ్ల వయసుకు 16తో హెచ్చిస్తారు. అది 40,32,000. దీంట్లో ఆయన సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో అంత ఇస్తారు. 60 శాతం అనుకుంటే 24,19,200. వైద్యం ఖర్చు, కృత్రిమ కాలు ఖర్చు, పడిన బాధకు ఇచ్చేది వేరు. ఆ 24 లక్షల్లో 30 శాతం అంటే 7,25,760 రూపాయలు. మీరు మిషను మీద పన్నెండేళ్లు కుట్టినా అంత రాదు.

ఈ లెక్కలో రెండు చోట్ల జాగ్రత్త పడాలి. ఒకటి, ఆదాయానికి రుజువు. ట్రిబ్యునల్ 15,000 నమ్మకుండా 10,000 అనుకుందంటే అదే లెక్క 16,12,800కు పడిపోతుంది. ఎనిమిది లక్షల తేడా. కాబట్టి ఆయన ఫోన్‌పేలో కూలి పడిన వివరాలు బ్యాంకు నుంచి స్టేట్‌మెంటుగా తీయించండి. ఎవరి కింద పనిచేశారో ఆ మేస్త్రీ వచ్చి సాక్ష్యం చెప్పేలా మాట్లాడుకోండి. భవన నిర్మాణ కార్మికుల లేబర్ కార్డు ఉంటే బయటికి తీయండి. కార్డు ఉన్నవాళ్లు సంక్షేమ బోర్డు సాయం గురించి కార్మిక శాఖ ఆఫీసులో కూడా అడగాలి.

రెండోది, శాతం. సదరంలో డాక్టర్లు వేసేది శరీరానికి కలిగిన వైకల్యం శాతం. కోర్టు చూడాల్సింది ఆ వైకల్యం వల్ల ఆ మనిషి పని ఎంత పోయిందని. రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే మనిషికి కాలు పోవడం వేరు, సారవ ఎక్కి ఇటుక పేర్చే బేల్దారికి పోవడం వేరు. 'నేను ఇక గోడ కట్టలేను, బరువు ఎత్తలేను' అని ఆయన నోటితోనే సాక్ష్యంలో రావాలి. మీ లాయరుకు ఈ మాట గుర్తు చేయండి. లోక్ అదాలత్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ ఒక మొత్తం చెప్పి రాజీకి పిలిస్తే పై లెక్కతో పోల్చి చూసుకున్నాకే ఒప్పుకోండి. అక్కడ ఒప్పుకున్నదాని మీద అప్పీలు ఉండదు.

పింఛనుకు లాయరూ వద్దు, మధ్యవర్తీ వద్దు. కాలు లేని మనిషికి శాతం కొనిపెడతానని 15,000 అడగడం ఎంత అన్యాయం! వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద నెలకు 6,000 రూపాయలు. 15,000 రూపాయల పింఛను పక్షవాతం వంటి వాటితో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకు. దాని ఆశ చూపించి ఎవరైనా డబ్బు అడిగితే నమ్మొద్దు. డబ్బిచ్చి వేయించుకున్న శాతం నిలబడదు కూడా. 2025లో వైకల్య పింఛన్లన్నీ మళ్లీ పరిశీలించి ఎందరికో నోటీసులిచ్చారు, అర్హత ఉన్నవాళ్లు కూడా అప్పీలు పెట్టుకుని తిరగాల్సి వచ్చింది. గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాటు బుక్ చేయించండి. స్లాటు వచ్చిన రోజు ఆధార్, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు పట్టుకుని చెప్పిన ఆసుపత్రికి ఆయన్ను తీసుకెళ్లండి. బోర్డు వేసిన శాతం న్యాయంగా లేదనిపిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ మళ్లీ న్యాయ సేవాధికార సంస్థ లాయరు పనికొస్తారు. సర్టిఫికెట్ ఉన్నా భూమి, కరెంటు వాడకం, నాలుగు చక్రాల బండి వంటివి చూశాకే పింఛను మంజూరు చేస్తారు. కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో సచివాలయంలో అడుగుతూ ఉండండి. ఈ లోపల ఆ 6,000 వచ్చేసినట్టే అనుకుని కొత్త అప్పు చేయొద్దు.

ఈ రోజే ఒక పని చేయండి. ఆయన బ్యాంకు పాస్‌బుక్ తీసి మే చివర్లోనో జూన్ మొదట్లోనో 20 రూపాయలు కట్ అయిందేమో చూడండి. అయి ఉంటే ఆయనకు ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నట్టు. ప్రమాదంలో ఒక కాలు పోతే దాని కింద లక్ష రూపాయలు వస్తుంది. ఖాతా తెరిచేటప్పుడు ఎక్కడో సంతకం పెట్టి మర్చిపోయినవాళ్లు మన పల్లెల్లో చాలామంది. క్లెయిమ్ ఫారం ఇవ్వడం ఇప్పటికే ఆలస్యమైంది, అయినా ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి కాగితాలతో బ్యాంకుకు వెళ్లి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

అప్పు సంగతి. నూటికి మూడు రూపాయలంటే మీ లక్షకు నెలకు 3,000, అంటే మీ మిషను సంపాదనలో సగం కంటే ఎక్కువ. అసలు ఒక్క రూపాయీ తగ్గదు. ఇంట్లో బంగారం ఉంటే అమ్మొద్దు, ప్రభుత్వ బ్యాంకులో కుదువ పెట్టండి. అక్కడ నెలకు నూటికి రూపాయి లోపే పడుతుంది. పొదుపు సంఘంలో ఉంటే ఆ అప్పు ఇంకా మేలు. ఏది దొరికినా ముందు ఈ మూడు రూపాయల అప్పు తీర్చేయండి. బీమా లక్ష వస్తే నేరుగా దీనికే పెట్టండి. అప్పిచ్చినాయన ఊరివాడే అయితే, కేసు వేశామని చెప్పి కొన్ని నెలలు వడ్డీ తగ్గించమని అడగడంలో తప్పు లేదు.

కృత్రిమ కాలు కొనడానికి తొందరపడి మళ్లీ అప్పు చేయకండి. కేంద్రం అడిప్ పథకం కింద అలింకో సంస్థ ద్వారా ఉచితంగా ఇస్తారు. జిల్లా వికలాంగుల సంక్షేమ శాఖ ఆఫీసులో పేరు రాయించండి. కర్నూలుకు తిరగడానికి మీకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఎలాగూ టికెట్టు లేదు. ఆయనకు వికలాంగుల రాయితీ ఏముందో డిపోలో అడగండి.

పరిహారం వచ్చాక కొంత సొమ్మును ట్రిబ్యునలే జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తుంది. దాన్ని విడిపించమని పిటిషన్ పెట్టించడానికి చుట్టాలు, స్నేహితులు వస్తారు. ఇల్లు కడదామనో, ఆటో కొందామనో అంటారు. పాత అప్పులు తీర్చి, ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టి, మిగతాది డిపాజిట్‌లోనే ఉంచి నెల నెలా వడ్డీ తీసుకోండి. మళ్లీ ఏ పని చేయగలరో ఆయన తేల్చుకున్నాకే అసలు ముట్టుకోండి. పరిహారాన్ని బాధితుడి ఖాతాకే నేరుగా పంపాలని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. అందుకని ఆయన పేరున ఉన్న ఖాతా పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు పిటిషన్‌తో పాటే ఇవ్వండి. ఏటీఎం కార్డు, ఆ ఖాతాకు కలిపిన ఫోన్ నంబరు మీ ఇంట్లోనే ఉండాలి.