నెల్లూరు ఎండకు భయపడుతుంటే మా ఆయన సాకులంటున్నారు

ప్రశ్న: పన్నెండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. మా వారిది కోవూరు దగ్గర పల్లె. ఆయనకి కృష్ణపట్నం వైపు మంచి ఉద్యోగం వచ్చింది, ఆగస్టులో చేరాలి. నన్ను అడగకుండానే నెల్లూరు బయట కొత్త లేఅవుట్‌లో పై అంతస్తు ఇల్లు మాట్లాడి అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. మేలో నాలుగు రోజులు వెళ్లి ఉంటే ఆరేళ్ల బాబుకి ఒళ్లంతా చెమటకాయలు, ఎనిమిదో తరగతి పాప రానని ఏడుపు. మాతోనే ఉండే అత్తయ్యకి బీపీ ఉంది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మగ్గం వర్కు చేస్తాను. ఆ కొలిమిలోకి రానంటే "మా చెల్లెళ్లు అక్కడే పెరగలేదా, నీకు రావడం ఇష్టం లేక ఎండని సాకు చెబుతున్నావ్" అంటున్నారు. నాది మొండితనమా?

జవాబు: కాదమ్మా. నెల్లూరు ఎండ గురించి మీరు పెంచి చెప్పిందేమీ లేదు, నేను ఉండేది కూడా ఈ ఊళ్లోనే. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు, నెల్లూరేమో సముద్రం పక్కన దాదాపు సముద్రమంత ఎత్తులోనే ఉంటుంది. మేలో 40 డిగ్రీలు దాటడం మాకు మామూలు. ఆ అంకెని కూడా తట్టుకోవచ్చు గానీ ఉక్కపోత అలా కాదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే అది ఆరదు, కారుతూనే ఉంటుంది. మీరు ఆ నాలుగు రోజులు పడ్డ అవస్థ అదే. అయితే మీ ఆయన మాటలో కూడా కొంత నిజం ఉంది. కొత్త వేడికి ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, మీకు ఆ అవకాశమే రాలేదు. రోహిణి కార్తె ముందు నాలుగు రోజులు వచ్చి చూసి, ఆ ఊళ్లో బతకగలమా లేదా అని తేల్చుకోవడం మీకూ న్యాయం కాదు, ఊరికీ కాదు.

ఇప్పుడు కొంచెం కటువుగా ఉన్నా ఒక మాట చెబుతాను. మీ ఉత్తరంలో ఎండ గురించి రాసిన వాక్యాలకంటే "నన్ను అడగకుండానే" అన్న మాట దగ్గర ఎక్కువ బాధ కనబడింది నాకు. ఇల్లు మీకు చూపించకుండా ఖాయం చేశారు. ఇన్నేళ్లుగా ఒక్కొక్కరిగా సంపాదించుకున్న మీ కుట్టుపని ఖాతాదార్లు పోతారన్న సంగతి ఆయన లెక్కలోకే రాలేదు. ఆ కోపం చాలా సబబైన కోపం. కానీ దాన్ని మీరు కోపంగా చెప్పకుండా ఎండ మీద పెట్టి చెబుతున్నారు కాబట్టి ఆయన ఎండకి జవాబు చెబుతున్నారు, ఏసీ కొంటానంటారు, చెల్లెళ్ల సంగతి చెబుతారు, మీ బాధ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇంకోటి, మీరు కొలిమి అన్న ప్రతిసారీ ఆయనకి తను పుట్టిన ఊరిని తిట్టినట్టు ఉంటుంది, పక్కనే వాళ్లమ్మ కూడా వింటుంటారు. ఆ మాట మానేయండి.

రెండూ వేరు చేసి మాట్లాడండి. పిల్లలు పడుకున్నాక, అత్తయ్య లేనప్పుడు, "ఉద్యోగం మంచిదని నాకూ తెలుసు, నేను రానని అనడం లేదు. నన్ను అడగకుండా ఇల్లు ఖాయం చేసినందుకు నాకు చాలా కష్టంగా ఉంది. ఆ ఇంట్లో పగలంతా ఉండేది నేను, ఇల్లు నేను చూస్తాను" అనండి. ఇంతే చాలు, పాత గొడవలు తవ్వకండి. ఆయన పొద్దున బండెక్కి వెళ్తే ఏసీ ఆఫీసులో ఉండి సాయంత్రానికి వస్తారు. పన్నెండింటి నుంచి అయిదింటి దాకా ఆ గోడల మధ్య ఉండేది మీరూ, అత్తయ్యా, బడి నుంచి వచ్చాక పిల్లలూ. పగలు ఎవరుంటారో వాళ్లే ఇల్లు ఎంచుకోవాలని నేను ఎవరికైనా చెబుతాను, ఈ జిల్లాలో మరీ గట్టిగా చెబుతాను.

ఆ పై అంతస్తు ఇల్లు మాత్రం నాకు అసలు నచ్చలేదు. స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి పదకొండింటికి కూడా వేడి కిందికి వదులుతూనే ఉంటుంది, ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పుతుంది. పైగా మనవాళ్లు వాస్తు ప్రకారం పెద్ద పడకగది నైరుతి మూల కడతారు, సాయంత్రపు ఎండ నేరుగా పడేదీ ఆ గది పడమటి గోడ మీదే. కాబట్టి ఇల్లు పొద్దున పూట చూడకండి, మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. ఆ పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. కొళాయి తిప్పండి, మేడ మీది ట్యాంకు నీళ్లు ఎలా కాగి వస్తాయో తెలుస్తుంది (అందరం పొద్దున్నే బకెట్లు పట్టి పెట్టుకునేది అందుకే). కిటికీలకి దోమల మెష్ ఉందా చూడండి, ఇది చిన్న విషయం కాదు. నెల్లూరు దోమల సంగతి మీ వారికి కొత్తగా చెప్పక్కర్లేదు, మెష్ లేకపోతే రాత్రి కిటికీలు మూసుకోవాలి, మూస్తే ఉక్కపోత. సముద్రం మీంచి గాలి తూర్పు వైపు నుంచి వస్తుంది, ఆ వైపు కిటికీలు ఉండి, వాటికి ఎదురుగా గాలి బయటికి పోయే దారి ఉంటే సాయంత్రాలు మీరనుకున్నంత ఘోరంగా ఉండవు. కూలర్ మీద మాత్రం డబ్బు పెట్టొద్దు, కర్నూలు, అనంతపురాల్లో పనిచేసినట్టు ఇక్కడ పనిచేయదు, ఉన్న తేమకి ఇంకాస్త కలుపుతుంది.

కొత్త లేఅవుట్లలో ఇంకో బాధ ఉంది. చాలా చోట్ల మొన్నటిదాకా వరిపొలం, మట్టి తోలి ఇళ్లు కట్టారు, నీడకి చెట్టు ఉండదు, వానకాలంలో నీళ్లు నిలుస్తాయి. 2015 నవంబరులోనూ 2021 నవంబరులోనూ వరదలకి నెల్లూరు ఏం పడిందో మీ వారికి గుర్తుండే ఉంటుంది, రెండోసారి పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కోసుకుపోయాయి. అప్పుడు ఈ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయని పక్కింటివాళ్లని అడగండి, ఓనర్ని కాదు. ఇచ్చిన అడ్వాన్సు పోతుందని ఆ ఇంట్లోనే ఇరుక్కోకండి. మొదటి అంతస్తు, పైన ఇంకో అంతస్తు నీడ ఉన్న ఇల్లు, పాత కాలనీలో నాలుగు చెట్లున్న చోట, అద్దె కాస్త ఎక్కువైనా సరే చూసుకోండి. కరెంటు బిల్లులో అందులో కొంత తిరిగి వస్తుంది.

ఒక ఏసీయే కొనగలిగితే అది ఏ గదికి? ఇక్కడే ఇళ్లల్లో గొడవ వస్తుంది. నా మాటగా చెబుతున్నాను, మీరు కుట్టే గదికి, రాత్రి అందరూ అందులోనే పడుకోండి. చెమట చేతులతో పట్టు జాకెట్టు ముట్టుకోలేరు, మరక పడిందంటే ఆ ఖాతాదారు మళ్లీ రాదు. అది సుఖం కోసం అడుగుతున్నది కాదు, మీ పనికి కావాలి. 26 మీద పెట్టి పైన ఫ్యాను తిప్పితే చాలు. నెల్లూరులో మగ్గం వర్కుకి గిరాకీ బాగానే ఉంటుంది గానీ కొత్త ఊళ్లో పేరు రావడానికి టైం పడుతుంది, ఆ కొన్ని నెలలు మీ రాబడి తగ్గుతుందని ఇప్పుడే ఆయనతో కలిసి కాగితం మీద రాసుకోండి. తర్వాత "నీ డబ్బులేవి" అన్న మాట రాకుండా ఉంటుంది.

అత్తయ్య విషయం ఆలస్యం చేయొద్దు. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీరు ఎక్కువగా పోయేలా చేస్తాయి, వేడి ఊళ్లో వాటి మోతాదు మార్చాల్సి రావచ్చు. బెంగళూరు వదిలేలోపే డాక్టరుకి మాత్రలన్నీ చూపించి అడగండి, సొంతంగా ఏదీ ఆపొద్దు. పెద్దవాళ్లకి దాహం సరిగ్గా తెలియదు, ఆమె అడిగేదాకా ఆగకుండా మజ్జిగో నీళ్లో చేతికివ్వండి, అయితే ఉప్పు ఎంత వేయాలో అదీ డాక్టరునే అడగండి. ఎండల్లో ఎప్పుడైనా ఆమె మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా అది అలసట అనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేలోపు ఒంటి మీద నీళ్లు పోసి ఫ్యాను పెట్టండి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు.

బాబుకి భయం లేదు. పల్చటి నూలు బట్టలు, రెండు పూటలా స్నానం, ఒంటికి జిడ్డు నూనెలు రాయకపోవడం, చెమటకాయలు తగ్గిపోతాయి. పాప గురించే నాకు ఎక్కువ ఆలోచన. పదమూడేళ్ల పిల్ల స్నేహితుల్ని, భాషని, బడిని ఒకేసారి వదిలి రావాలి. ఆ ఏడుపులో ఎండ వాటా ఎంతో మీకే తెలియాలి. ఆమెని మీ వైపు సాక్షిగా నిలబెట్టొద్దు, "చూడు, పిల్ల కూడా వద్దంటోంది" అనే మాట మీ నోట రావద్దు. బడి చూడ్డానికి ఆమెని కూడా తీసుకెళ్లండి, రెండో భాషగా ఏది తీసుకోవచ్చో ముందే అడగండి. ల్యాబులూ స్మార్ట్ బోర్డులూ తర్వాత, ముందు ఆడపిల్లల బాత్రూములు చూడండి. అవి బాగోకపోతే పిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా బిగబట్టుకుని కూర్చుంటారు, ఈ ఎండల్లో అది మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ల దాకా పోతుంది. ఇలాంటి పిల్లల తల్లులు నా దగ్గరికి ప్రతి వేసవిలో వస్తుంటారు.

ఎప్పుడు రావాలన్నది చివరి ప్రశ్న. అందరూ ఆగస్టులోనే సామాను కట్టాలని ఎక్కడుంది? బడి మొదలైపోయింది. ఆయన ముందు వచ్చి ఉద్యోగంలో చేరి, పల్లెలో వాళ్లింట్లోనో చిన్న గదిలోనో ఉండొచ్చు. దసరా సెలవులకి, సంక్రాంతికి మీరంతా వచ్చి వీలైనన్ని రోజులు ఉండండి, సంక్రాంతి రోజుల్లో నెల్లూరు హాయిగా ఉంటుంది, పాపకి ఆ ఊరు అలా పరిచయం కావడమే మంచిది. ఆ సెలవుల్లోనే ఇల్లూ బడీ ఖాయం చేసుకుని, బెంగళూరులో పరీక్షలు అయిపోగానే వచ్చేయండి. మే నెలాఖరుదాకా ఆగొద్దు, ఏప్రిల్ నుంచి ఉంటే ఒళ్లు మెల్లగా అలవాటు పడుతుంది. జూన్ వస్తే వానలొస్తాయన్న బెంగళూరు లెక్క ఇక్కడ కుదరదు, మాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, జూన్‌లో కూడా ఎండలు బాగానే కాస్తాయి.

రెండు ఇళ్ల ఖర్చు ఎనిమిది నెలలు భరించలేమని ఆయన అంటే అది కూడా నిజమే కావచ్చు. అలాగైతే దసరా సెలవుల్లో మారండి, వానల మొదట్లో వస్తారు కాబట్టి వేసవికి ముందు ఆరు నెలలు చేతిలో ఉంటాయి. పాప చదువు మధ్యలో మారుతుంది, ఆ సంగతి కొత్త బడివాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఈ రెండింట్లో ఏదన్నది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. దానికంటే ముందు ఈ ఆదివారం ఆ ఓనరుకి మీ వారిచేత ఫోన్ చేయించండి, అడ్వాన్సులో ఎంత వెనక్కి ఇస్తాడో అడగమనండి.