ఇద్దరు తొక్కే సైకిల్ మీద విక్టోరియా పల్లెలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా వారూ నేనూ ఉపాధ్యాయులుగా పనిచేసి పదవీ విరమణ పొందాము. మా అమ్మాయి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉంటుంది. వచ్చే మార్చిలో అక్కడికి వెళ్లినప్పుడు టాండెం సైకిల్ మీద, అంటే ముందొకరు వెనుకొకరు కూర్చుని ఇద్దరూ తొక్కే సైకిల్ మీద, రెండు వారాలపాటు విక్టోరియా రాష్ట్రంలోని చిన్న ఊళ్లు చూడాలని మా వారి కోరిక. రోజుకు ఎనభై కిలోమీటర్లు సులువుగా పోవచ్చునని ఆయన అంటున్నారు. నేను సైకిల్ ఎక్కి చాలా ఏళ్లయింది. వెనుక సీట్లో కూర్చుంటే నాకు దారి కనిపించదు, బ్రేకు చేతిలో ఉండదు. ఈ ప్రయాణం మాకు తగినదేనా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: తగినదేనమ్మా. అయితే ఆ ఎనభై కిలోమీటర్ల మాటను మీ వారు ముందుగా పక్కన పెట్టాలి. టాండెంలో ముందు పెడళ్లనూ వెనుక పెడళ్లనూ ఒక చైను కలుపుతుంది కాబట్టి, మామూలుగా దొరికే బండ్లలో ఇద్దరి కాళ్లూ ఒకే వేగంతో తిరగవలసిందే. ఒకరు ఆపితే రెండోవారి కాళ్లూ ఆగుతాయి. ఒకే కాడికి కట్టిన ఎద్దుల్లో వెనుకబడిన దాని నడకే బండి నడక అయినట్టు, ఇక్కడ తక్కువ అలవాటున్న మనిషి ఓపికే రోజు దూరాన్ని నిర్ణయిస్తుంది. మొదటి వారం రోజుకు ముప్పై, నలభై కిలోమీటర్లకు మించకుండా, మధ్యలో ఒక రోజు పూర్తిగా విశ్రాంతి ఉండేలా మీరే లెక్క వేసి ఆయన ముందు పెట్టండి.

దారి కనిపించదన్న మీ భయం న్యాయమైనదే. దానికి మందు ముందు కూర్చున్నవారి నోట్లో ఉంటుంది. హ్యాండిల్, బ్రేకులు, గేర్లు ఆయన చేతిలో ఉంటాయి కనుక గుంత వచ్చినా, గేరు మార్చినా, తొక్కడం ఆపినా ఒక క్షణం ముందుగా పైకి చెప్పడం ఆయన బాధ్యత. ఎక్కేటప్పుడు ఆయన రెండు కాళ్లూ నేలకు ఆనించి, బ్రేకులు గట్టిగా పట్టుకుని నిలబడాలి. మీరు వెనుక ఎక్కి, రెండు పాదాలూ పెడళ్ల మీద పెట్టి "సరే" అన్న తరువాతనే బండి కదలాలి. దిగేటప్పుడు మీరు ముందు దిగాలి. మాటామాటా కలవని దంపతులు ఈ బండి జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. ఎక్కువ జంటలు తడబడేది కొండల దగ్గర కాదు, ఊరి మధ్య కూడలిలో ఆగి మళ్లీ బయలుదేరేటప్పుడే. అందువల్ల మొదటి రెండు మూడు రోజులు మీ అమ్మాయి ఇంటి దగ్గర ఖాళీ స్థలంలో ఎక్కడం, దిగడం, మలుపు తిప్పడం మాత్రమే సాధన చేయండి. ఈలోగా ఇక్కడ ఇద్దరూ వేర్వేరు సైకిళ్ల మీద, తెల్లవారుజామున దేవరకొండ రోడ్డు మీద కాళ్లకు అలవాటు చేస్తే చాలు.

టాండెం సమతల దారిలో, దిగుడులో ఒంటరి సైకిల్ కంటే వేగంగా పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు నీరసపడుతుంది. ఇద్దరి బరువుతో పొడవైన దిగుడులో చక్రం అంచును పట్టే బ్రేకులు బాగా వేడెక్కుతాయి కాబట్టి డిస్క్ బ్రేకులున్న బండినే అద్దెకు తీసుకోండి. వెనుక చక్రానికి ముప్పై ఆరో, నలభయ్యో పుల్లలు ఉన్నాయేమో కూడా లెక్కపెట్టి చూడండి.

ఇక దారి విషయం. హైవేల వైపు పోకండి. విక్టోరియాలో మూతపడిన పాత రైలు మార్గాల మీద సైకిల్ బాటలు వేశారు. ఆవిరి యంత్రాలు లాగగలిగేలా వేసిన మార్గాలు కనుక వాటిలో ఏటవాలు మెల్లగానే ఉంటుంది. లారీల బెడద ఉండదు. మీకు నేను సూచించేది వాంగరట్టా నుంచి బ్రైట్ వరకు పోయే ముర్రే టు మౌంటెన్స్ బాట. బీచ్‌వర్త్‌కు పోయే కొమ్మను కలుపుకుంటే ఇది సుమారు 100 కిలోమీటర్లు ఉంటుంది, చాలావరకు తారు వేసి ఉంటుంది. ఎవర్టన్ దగ్గర చీలి బీచ్‌వర్త్‌కు పోయే పదహారు కిలోమీటర్లు ఎడతెగని ఎక్కుడు. దాన్ని ఒక పూట పనిగా పెట్టుకుని, అక్కడే రాత్రి బస చేసి, మరునాడు దిగండి. 1850ల బంగారు వేటలో పుట్టిన ఆ ఊళ్లో తేనెరంగు రాతి కట్టడాలు చూడదగినవి. నెడ్ కెల్లీ అనే బందిపోటు కేసు మొదట విచారణకు వచ్చిన కోర్టు కూడా అక్కడే ఉంది. అతడు 1880లో పోలీసులకు చిక్కిన గ్లెన్‌రోవన్ వాంగరట్టాకు దగ్గరే. అదే బాటలో వచ్చే మర్టిల్‌ఫర్డ్ చుట్టుపక్కల ఒకప్పుడు పొగాకు పండించేవారు. ఆకు ఆరబెట్టిన ఎత్తైన కొట్టాలు ఇప్పటికీ పొలాల్లో నిలిచి ఉన్నాయి. మనకు ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ నెలలు అక్కడ ఆకురాలు కాలం. ఏప్రిల్ చివరికి బ్రైట్‌లో చెట్లన్నీ ఎర్రబడి, పసుపుబారి ఉంటాయి కనుక, వీలైతే ప్రయాణాన్ని మార్చి నుంచి కొన్ని వారాలు ఆలస్యంగా పెట్టుకోండి.

ఇది సులువనిపిస్తే టాలరూక్ నుంచి మాన్స్‌ఫీల్డ్ వరకు 134 కిలోమీటర్ల గ్రేట్ విక్టోరియన్ బాట ఉంది. అది కంకర బాట, టైర్లు వెడల్పుగా ఉండాలి. యే (Yea) అనే ఊరు దాటాక సుమారు రెండు వందల మీటర్ల పాత రైలు సొరంగం వస్తుంది, లైటు తప్పనిసరి. టాండెం పొడవు ఎక్కువ కాబట్టి రైల్లో ఎక్కనిస్తారో లేదో టికెట్టు కొనకముందే అడగండి. వాహనాలు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి. విక్టోరియాలో 1990 నుంచి సైకిల్ తొక్కేవారికి హెల్మెట్ చట్టరీత్యా తప్పనిసరి.

ప్రశ్న: మేము యువ దంపతులం, శాకాహారులం. ధాన్యపు గోదాముల మీద పెద్ద బొమ్మలు వేసిన ఊళ్లను టాండెం మీద చూడాలని ఉంది. తిండికి, నీళ్లకు ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మీరు చెబుతున్నది విక్టోరియా వాయవ్య మూలన ఉన్న విమ్మెరా, మాలీ ప్రాంతం. 2016లో బ్రిమ్ అనే చిన్న ఊళ్లో గోధుమ సైలోల మీద, అంటే ఎత్తైన ధాన్యపు గోదాముల మీద, రైతుల భారీ బొమ్మలు వేయడంతో మొదలై, రుపన్యప్ నుంచి పాచెవొల్లాక్ దాకా చాలా ఊళ్లకు ఆ కళ పాకింది. నేల చదును కనుక టాండెంకు అనుకూలమే, అయితే ఎదురుగాలి వీచే రోజు చదును నేల కూడా ఎక్కుడే. ఉత్తరం నుంచి ఎడారి వేడిగాలి వీచే రోజుల్లో, మంటలు పెట్టరాదని ప్రకటించిన రోజుల్లో బయలుదేరకండి. నవంబరు, డిసెంబరు కోతల కాలంలో ధాన్యం లారీలు రోడ్లు నింపుతాయి.

శనివారం మధ్యాహ్నం నుంచి చిన్న ఊళ్లలో దుకాణాలు మూతపడతాయి, ఊరి మద్యశాలలోనే భోజనం దొరుకుతుంది, అదీ రాత్రి ఎనిమిది లోపే. శాకాహారులకు అక్కడ బంగాళాదుంప వేపుడే గతి అవుతుంది. కారవాన్ పార్కులో, అంటే ప్రయాణికులు బస చేసే ఆవరణలో, వంటగది ఉన్న క్యాబిన్ తీసుకుని, బియ్యం, పప్పు వెంట ఉంచుకుంటే ఆ బాధ తప్పుతుంది. ఒక్కొక్కరికి నాలుగు లీటర్ల నీళ్లకు తక్కువ కాకుండా పెట్టుకోండి.

ఇంకొక మాట. మన చెలకల్లో చెప్పులకు గుచ్చుకునే పల్లేరు కాయలే అక్కడి ఇసుక నేలల్లోనూ ఉన్నాయి. సైకిల్‌ను రోడ్డు పక్క గడ్డిలో ఆనించకండి. ఇద్దరి బరువు పడే వెనుక టైరులో ఆ ముల్లు దిగితే, సామాను మొత్తం విప్పి ట్యూబు మార్చవలసి వస్తుంది. ట్యూబులు మూడైనా వెంట ఉండాలి.

ప్రశ్న: మా సొంత టాండెంను విమానంలో తీసుకుపోవచ్చా? ఆవకాయ సంగతేమిటి?
– ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: చట్రం మధ్యలో విడదీసే జోడింపులున్న టాండెం అయితే రెండు పెట్టెల్లో సర్దవచ్చు, లేకపోతే విమాన సంస్థ ముందస్తు అనుమతి లేనిదే తీసుకెళ్లకండి. టైర్ల గాడుల్లో, పెడళ్ల కింద, బూట్ల అడుగున మట్టి కణం మిగలకుండా కడిగి ఆరబెట్టండి. బయటి తెగుళ్లు, విత్తనాలు దేశంలోకి రాకుండా చూసే అక్కడి జీవభద్రతా అధికారులు వాడిన సైకిళ్లను ప్రత్యేకంగా చూస్తారు. ఆవకాయ అయినా, సకినాలైనా తినే వస్తువు ఏదైనా సరే, దిగేటప్పుడు ఇచ్చే కార్డులో ఉన్నదని గుర్తు పెట్టండి. చెప్పిన వస్తువును పరీక్షించి ఇస్తారు, లేదా తీసుకుంటారు. చెప్పకుండా దొరికితే జరిమానా భారీగా ఉంటుంది, వీసా కూడా రద్దు కావచ్చు.