40 ర్యామ్ స్టిక్‌లు, ఆకుపచ్చ ద్రావణం, బంగారం అడుగుకు దిగట్లేదు: సమాధానం

40 ర్యామ్ స్టిక్‌ల (కంప్యూటర్ మెమరీ కార్డుల) పిన్నుల మీది బంగారాన్ని ఆక్వారీజియాలో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ల మిశ్రమం) కరిగించి, దాన్ని పొడిగా అడుగుకు దించడానికి సోడియం మెటాబైసల్ఫైట్ పొడి వేశారు. ద్రావణం ఆకుపచ్చగా ఉంది, బంగారం దిగట్లేదు, ఎందుకని అడిగారు. మీ ఆక్వారీజియాలో నైట్రిక్ యాసిడ్ ఇంకా మిగిలే ఉంది. మెటాబైసల్ఫైట్ వేయగానే గోధుమరంగు పొగ లేచిందన్నారు, అదే గుర్తు. నైట్రిక్ ఉన్నంతసేపూ దిగిన బంగారం మళ్లీ కరిగిపోతుంది. ఆ ఆకుపచ్చ రాగిది.

పొడి వేయడం ఆపండి. చాలామంది వదిలేసే పరీక్ష ముందు చేయండి.

1. ఫిల్టర్ పేపర్ మీద ఒక చుక్క ద్రావణం, దానిమీద ఒక చుక్క స్టానస్ క్లోరైడ్ (బంగారాన్ని పట్టిచ్చే తగరపు లవణ ద్రావణం, తాజాగా కలిపిందే). ఊదారంగు వస్తే బంగారం ద్రావణంలోనే ఉంది. వచ్చి వెంటనే మాయమైనా ఉన్నట్టే, నైట్రిక్ ఆ రంగును తినేస్తోంది.

2. ఉంటే ద్రావణాన్ని గోరువెచ్చగా చేసి, మిగిలిన నైట్రిక్‌ను పోగొట్టే సల్ఫామిక్ యాసిడ్ పొడి చిటికెడు చొప్పున, నురగ ఆగేదాకా వేయండి. గుమ్మరిస్తే పొంగి బయట పడుతుంది. ఆ తర్వాతే మెటాబైసల్ఫైట్. రాత్రంతా కదపకండి.

3. రంగు రాకపోతే బోర్డులు పారేయకండి. కరగని రాగి మీదికి బంగారం నల్లటి పొడిగా తిరిగి చేరుతుంది.

ఈ పనిలో వచ్చే పొగ విషం. ఆరుబయటే చేయండి.

గిట్టుబాటా? 168 పిన్నుల స్టిక్‌కు బంగారు పూత మందం అర మైక్రాన్ (మిల్లీమీటరులో రెండువేలవ వంతు) అనుకుంటే బంగారం సుమారు 4 మిల్లీగ్రాములు. 40కి 160. యాసిడ్ ఖర్చు తీస్తే మిగిలేది చిల్లరే. ఇకపై రిజిస్టర్డ్ ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు కిలోల లెక్కన అమ్మేయండి.

మిగిలిన యాసిడ్ డ్రైనేజీలో పోయొద్దు. ఇనుప ముక్కలు వేసి రాగి దించి, సున్నంతో ఆమ్లగుణం విరిచి, ఆ మడ్డినీ రీసైక్లర్‌కే ఇవ్వండి.