మెడల్ బీరువాలో ఉంది, డీడీ-214లో లేదు

ప్రశ్న: మా ఆయన గ్రీన్‌కార్డు మీద ఉండగానే అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో చేరారు. 2012లో పిలుపు వస్తే అఫ్ఘానిస్థాన్ వెళ్లారు. రోడ్డు పక్కన పెట్టిన బాంబు పేలి గాయపడ్డారు. ఆసుపత్రిలో ఉండగానే, యుద్ధంలో గాయపడినవాళ్లకు ఇచ్చే పర్పుల్ హార్ట్ మెడల్ ఇచ్చారు. ఆ మెడల్ మా బీరువాలోనే ఉంది. కానీ పది నెలల డ్యూటీ ముగిశాక 2013లో ఇచ్చిన డిశ్చార్జి పత్రం డీడీ-214లో పర్పుల్ హార్ట్ లేదు, అఫ్ఘానిస్థాన్ క్యాంపెయిన్ మెడల్ కూడా లేదు. సరిచేయించమంటే "పోనీలే, మెడల్ కోసం వెళ్లానా" అంటారు. అప్పటి నుంచి ఆయనకు ఎడమ చెవిలో హోరు. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తారు. మాజీ సైనికుల (వెటరన్ల) వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ వీఏ గడప ఎప్పుడూ తొక్కలేదు. ఈ మధ్య ఉద్యోగం పోయింది. మాస్టర్స్ చేయాలా, ఫెడరల్ ఉద్యోగాలకు ప్రయత్నించాలా అని ఆలోచిస్తున్నారు. వచ్చే ఏడాది ఇల్లు కొనాలని కూడా ఉంది. ఒక సంస్థ 3,500 డాలర్లు ఇస్తే రికార్డు సరిచేయిస్తామంటోంది. ఆ ఖర్చు పెట్టవచ్చా? సైన్యంలో పనిచేసినవాళ్ల చదువుకు ప్రభుత్వం ఇచ్చే జీఐ బిల్ సాయం మా అమ్మాయి చదువుకు పనికొస్తుందా?

జవాబు: అమ్మా, ఆ 3,500 డాలర్లు ఎవరికీ ఇవ్వకండి. సర్వీసు రికార్డులో తప్పు దిద్దడానికి సైన్యం ఫీజు తీసుకోదు. అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ, డీఏవీ లాంటి వెటరన్ల సంఘాల్లో వీఏ గుర్తింపు ఉన్న సర్వీస్ ఆఫీసర్లు ఉంటారు. చాలా కౌంటీల్లోనూ ఉంటారు. దగ్గర కూర్చోబెట్టుకుని ఫారాలు నింపిస్తారు, ఒక్క డాలరు అడగరు. వీఏలో మొదటిసారి వేసే డిజెబిలిటీ క్లెయిమ్ తయారుచేసి ఇచ్చినందుకు డబ్బు వసూలు చేయడం చట్టం ప్రకారం కుదరదు కూడా. ఉద్యోగం పోయిన ఇంట్లో ఆ సొమ్ము ఇంటి అద్దెకో కిరాణాకో అక్కరకొస్తుంది.

అమ్మాయి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. జీఐ బిల్‌ను భార్యకో పిల్లలకో బదిలీ చేయాలంటే సర్వీసులో ఉండగానే చేయాలి. ఆయన బయటికొచ్చేశారు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. ఆయన చదువుకు మాత్రం దారి ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు అసలు విషయం. మీరు మెడల్ గురించి రాశారు, నా కళ్లు మాత్రం చెవిలో హోరు, రాత్రుళ్లు ఉలిక్కిపడటం దగ్గర ఆగిపోయాయి. పర్పుల్ హార్ట్‌కు పెన్షన్ లేదు. ఆ మెడల్ రికార్డుకెక్కినంత మాత్రాన నెలనెలా చెక్కు రాదు. నెలనెలా డబ్బు వచ్చేది సర్వీసులో తగిలిన దెబ్బకు వీఏ ఇచ్చే డిజెబిలిటీ పరిహారం రూపంలో. డిశ్చార్జి అయిన ఏడాదిలోపు క్లెయిమ్ వేయని వాళ్లకు సాధారణంగా ఆ పరిహారం క్లెయిమ్ వీఏకు అందిన తేదీ నుంచే లెక్క. గాయం 2012 నాటిదైనా 2012 నుంచి ఇవ్వరు. అందుకే మీకు నేను చెప్పేది ఒకటే: రికార్డు సరయ్యేదాకా క్లెయిమ్ ఆపకండి. రెండూ ఒకేసారి నడవాలి.

ఈ వారంలోనే ఆయన చేత "ఇంటెంట్ టు ఫైల్" పెట్టించండి. క్లెయిమ్ వేయబోతున్నామని ముందుగా తెలిపే 21-0966 అనే చిన్న ఫారం అది. వీఏ వెబ్‌సైట్‌లో డిజెబిలిటీ దరఖాస్తు మొదలుపెట్టినా సరే, ఫోన్ చేసి చెప్పినా సరే, ఆ తేదీ మీ పేరిట నిలిచిపోతుంది. పూర్తి క్లెయిమ్ వేయడానికి అక్కడి నుంచి ఏడాది గడువు. ఆ తేదీ విలువ ఎంతో చూడండి. 2025 రేట్ల ప్రకారం 30 శాతం రేటింగ్ (వైకల్యం ఎంత శాతమో వీఏ వేసే లెక్క) వస్తే, భార్యాపిల్లలను లెక్కలోకి తీసుకోకుండానే నెలకు 537.42 డాలర్లు. ఆరు నెలలు ఊరికే కూర్చుంటే 3,224 డాలర్లు పోయినట్టే. దీని మీద ఆదాయపు పన్ను కూడా లేదు. ఆయనకు ఎంత రేటింగ్ వస్తుందో వీఏ వైద్య పరీక్ష అయ్యాకే తేలుతుంది. ఆ సంఖ్య ఎంతైనా, లెక్క మొదలయ్యే తేదీ మాత్రం మీ చేతిలో ఉంది.

నా దగ్గరికి వచ్చిన ఒక వెటరన్ "ముందు కాగితం సరిగ్గా రానివ్వండి, అప్పుడు అడుగుతాను" అని ఏడాదిన్నర ఆగారు. కాగితం వచ్చింది, రేటింగూ వచ్చింది. ఆ ఏడాదిన్నర డబ్బు మాత్రం రాలేదు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

యుద్ధంలో పాల్గొన్నారని రుజువైతే, గాయం గురించి ఆయన చెప్పిన మాట ఆ నాటి పరిస్థితులకు సరిపోయినంత వరకు దాన్ని వీఏ సాక్ష్యంగా తీసుకోవాలని చట్టం చెబుతోంది. పర్పుల్ హార్ట్ అలాంటి రుజువుల్లో ఒకటి. అక్కడ మెడల్ నిజంగా పనికొస్తుంది. అయితే మెడల్ లేనిదే క్లెయిమ్ నిలవదని కాదు. అఫ్ఘానిస్థాన్‌లో ఉన్నట్టు రికార్డు ఉండి, శత్రుదాడి భయం వల్ల పీటీఎస్‌డీ (భయంకర అనుభవం తర్వాత మిగిలే మానసిక సమస్య) వచ్చిందని వీఏ వైద్యులు నిర్ధారిస్తే చాలు, ప్రతి సంఘటనకూ విడిగా కాగితం తేనక్కర్లేదని 2010లోనే నిబంధన మార్చారు. రాత్రుళ్లు మరీ కష్టంగా ఉంటే 988కి ఫోన్ చేసి 1 నొక్కండి, వెటరన్ల కోసమే ఉన్న లైను అది. మీరైనా చేయవచ్చు.

ఇక రికార్డు. ఆయన డీడీ-214 తీసి 13వ గడి చూడండి. మెడల్స్, బ్యాడ్జీలు అన్నీ అక్కడే రాస్తారు. బీరువాలో ఏముందో ఏ ఆఫీసూ చూడదు, ఆ గడిలో ఏముందో చూస్తుంది. తర్వాత మెడల్ పెట్టె తెరిచి, దానితో ఇచ్చిన సర్టిఫికెట్, మడత పెట్టిన కాగితాలు ఏమున్నాయో టేబుల్ మీద పరచండి. మీరు వెతకాల్సింది ఆర్డర్ నంబరు, తేదీ. మెడల్‌ను ఎవరైనా కొనుక్కోవచ్చు, సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవచ్చు. సైన్యం దృష్టిలో అవార్డు అంటే ఆ ఆర్డరే.

ఆర్డర్ దొరికితే మీ పని సగం అయినట్టే. దాని నకలు, డీడీ-214 నకలు జతచేసి, కెంటకీలోని ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న ఆర్మీ హ్యూమన్ రిసోర్సెస్ కమాండ్‌కు ఆయన సంతకంతో అర్జీ పంపాలి. వాళ్లు సరేనంటే డీడీ-215 అనే సవరణ పత్రం ఇస్తారు. ఇంట్లో దొరక్కపోతే సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్ ద్వారా పూర్తి సర్వీసు ఫైలు తెప్పించుకోండి. ఎస్ఎఫ్-180 ఫారంతో గానీ ఆన్‌లైన్‌లో గానీ అడగవచ్చు. డీడీ-214 ఒక్కటే కాదు, మొత్తం ఫైలు, దాంతోపాటు వైద్య రికార్డులు కావాలని స్పష్టంగా రాయాలి. 1973 జూలైలో ఆ కేంద్రంలో మంటలు రేగి 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు కాలిపోయాయి. పాత తరం వెటరన్ల కుటుంబాలు ఆ బాధ ఇప్పటికీ పడుతున్నాయి. మీ ఆయన కాలానికి ఫైళ్లు కంప్యూటర్లలోకి వచ్చేశాయి కాబట్టి మీకు ఆ గండం లేదు.

క్యాంపెయిన్ మెడల్ సంగతి ఇంకా తేలిక. అఫ్ఘానిస్థాన్‌లో వరసగా 30 రోజులు ఉన్నట్టు రికార్డు చూపిస్తే చాలు. అది కూడా అదే అర్జీలో అడగండి.

ఇక్కడ మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి ఉంది, పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, గ్రీన్‌కార్డులో ఇంకో చోట. కొందరికి మొదటి పేరు గడిలో "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని పడి ఉంటుంది. సిటిజన్‌షిప్ అప్పుడు పేరు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. ఆసుపత్రిలో రాసిన కాగితం మీద ఒక వరస, డీడీ-214లో ఇంకో వరస ఉంటే ఆ రెండూ ఒకే మనిషివని ఎవరికీ తట్టకపోవచ్చు. కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే అర్జీలో మొదటి పేరాలోనే చెప్పి, పేరు మార్పు పత్రం జతచేయండి.

ఆర్డర్ ఎక్కడా లేదని తేలితే పని పెద్దదవుతుంది, అయినా వదలొద్దు. శత్రువు చర్య వల్ల గాయం అయిందని, దానికి వైద్యం జరిగిందని, ఆ వైద్యం రికార్డయిందని చూపించాలి. ఆసుపత్రి కాగితాలు, ఆ రోజు పక్కన ఉన్న సైనికుల సాక్ష్య ప్రకటనలు, యూనిట్ నివేదికలు, ఇవీ కావాల్సినవి. ఆయన సొంత మాట ఒక్కటే పంపితే గట్టిగా నిలవదు. పాత మిత్రుల్లో ఇద్దరికి ఈ రోజే ఫోన్ చేయమనండి. ఏళ్లు గడిచే కొద్దీ నంబర్లు మారతాయి, జ్ఞాపకాలూ పలచబడతాయి. కమాండ్ కాదంటే ఆ తర్వాత డీడీ-149 ఫారంతో ఆర్మీ రికార్డుల సవరణ బోర్డుకు వెళ్లాలి. తప్పు తెలిసిన మూడేళ్లలోపు వెళ్లాలని నియమం. న్యాయం కోసం అవసరమనిపిస్తే గడువు దాటినా బోర్డు విచారిస్తుంది కాబట్టి, ఎందుకు ఆలస్యమైందో దాచకుండా రాయండి. నూటికి తొంభై కేసులు పది నెలల్లో, ఏ కేసైనా పద్దెనిమిది నెలల్లో ముగియాలని బోర్డుకు చట్టం గడువు పెట్టింది. మీ బడ్జెట్ కూడా ఆ లెక్కతోనే వేసుకోండి.

ఇప్పుడు చదువు. మీ ఇంటికి మెడల్ తెచ్చే అసలు డబ్బు ఇక్కడుంది. పది నెలల యాక్టివ్ డ్యూటీకి పోస్ట్-9/11 జీఐ బిల్ 60 శాతమే వస్తుంది. 2001 సెప్టెంబర్ 11 తర్వాత పర్పుల్ హార్ట్ పొంది గౌరవంగా డిశ్చార్జి అయినవాళ్లకు, ఎన్ని నెలలు పనిచేశారన్నదానితో సంబంధం లేకుండా నూటికి నూరు శాతం. ఈ నియమం 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. ఉదాహరణకు మాస్టర్స్‌కు మొత్తం ఫీజు 24,000 డాలర్లు, ఆ ఊళ్లో పూర్తి ఇంటి అలవెన్సు నెలకు 2,000, తరగతులు 18 నెలలు అనుకుందాం. 60 శాతం దగ్గర ఫీజులో 9,600 మీ జేబులోంచి పోతుంది. అలవెన్సు నెలకు 800 తగ్గి మొత్తం 14,400 తేడా వస్తుంది. రెండూ కలిపితే 24,000 డాలర్లు. 13వ గడిలో ఒక్క పంక్తి లేనందుకు! ప్రైవేటు యూనివర్సిటీ అయితే, ఆ విద్యాసంస్థ ఎల్లో రిబ్బన్ (జీఐ బిల్ పరిమితి దాటిన ఫీజుకు సాయం చేసే పథకం)లో ఉంటే, ఆ సాయం కూడా నూరు శాతం ఉన్నవాళ్లకే. ఆయన 2013లో బయటికొచ్చారు కాబట్టి జీఐ బిల్‌ను పదిహేనేళ్లలోపు వాడుకోవాలన్న గడువు వర్తించదు, తొందరపడి చేరక్కర్లేదు. పూర్తిగా ఆన్‌లైన్ కోర్సులో చేరితే మాత్రం ఇంటి అలవెన్సు బాగా తగ్గిపోతుంది. వారానికి రెండు రోజులైనా క్లాసుకు వెళ్లే కోర్సు చూడమనండి. డీడీ-215 చేతికొచ్చాక దాని నకలు వీఏకు పంపి అర్హతను మళ్లీ లెక్కించమని అడగాలి.

ఫెడరల్ ఉద్యోగాల్లో క్యాంపెయిన్ మెడల్‌కు 5 పాయింట్ల ప్రాధాన్యం, పర్పుల్ హార్ట్‌కు 10. ఉద్యోగాల కోత వచ్చినప్పుడు ఎవరిని ఉంచాలనే లెక్కలో కూడా వెటరన్ ప్రాధాన్యం చూస్తారు. కాగితం చేతిలో లేకుండా దరఖాస్తులో 10 పాయింట్లకు టిక్ పెట్టొద్దని చెప్పండి. ఆ 10 పాయింట్లు కోరే ఫారం ఎస్ఎఫ్-15తో పాటు రుజువు అడుగుతారు. రుజువు లేని టిక్ వల్ల ఆయన నిజాయితీనే అనుమానించే పరిస్థితి రాకూడదు.

ఇంటి విషయంలో చాలామంది పొరబడతారు. పర్పుల్ హార్ట్ ఉంటే, వీఏ హామీతో వచ్చే ఇంటి లోన్ మీద ఒకసారి కట్టే ఫండింగ్ ఫీజు ఉండదని వింటుంటాం. ఆ మినహాయింపు ఇంకా యాక్టివ్ డ్యూటీలో ఉన్నవాళ్లకు. మీ ఆయనకు మినహాయింపు రావాలంటే డిజెబిలిటీ పరిహారం ద్వారానే రావాలి. మొదటిసారి, డౌన్ పేమెంట్ లేకుండా తీసుకుంటే ఫీజు 2.15 శాతం. నాలుగు లక్షల అప్పు మీద 8,600 డాలర్లు. ఇంటి లోన్ ఖరారయ్యే (క్లోజింగ్) తేదీకి ముందే క్లెయిమ్ వేసి ఉండి, తర్వాత పరిహారం ఆ పాత తేదీ నుంచి మంజూరైతే కట్టిన ఫీజు వెనక్కి అడగవచ్చు. ఇక్కడ కూడా ఇంటెంట్ టు ఫైల్ తేదీయే మిమ్మల్ని కాపాడేది. క్లెయిమ్ పెండింగులో ఉందని బ్యాంకుకు ముందే చెప్పండి.

ఒక్క హెచ్చరిక. పైన చెప్పిన సొమ్ములో ఏదీ చేతికి రాకముందే ఖర్చులో కలపకండి. ఇల్లు కొనే నిర్ణయం ఆయనకు ఉద్యోగం వచ్చాక, ఆ జీతం మీదే ఆధారపడి తీసుకోండి.

ఫారాలన్నిటి మీదా సంతకం ఆయనదే ఉండాలి. మీరు ఎంత కష్టపడి నింపినా ఆయన పెన్ను పట్టుకోవాలి. "మెడల్ కోసం వెళ్లానా" అన్న మనిషిని గౌరవం గురించి చెప్పి ఒప్పించాలని చూడకండి, ఆ మాట ఆయనకు మనకంటే బాగా తెలుసు. 60 శాతానికీ నూరు శాతానికీ మధ్య తేడా ఒక కాగితం మీద రాసి, డీడీ-214 పక్కన పెట్టి చూపించండి. డీడీ-215 వచ్చిన రోజున రెండిటినీ కలిపి స్కాన్ చేసి దాచుకోండి. కొత్త డీడీ-214 ఇవ్వరు, పాతదానికి ఇది జత. ఎక్కడ చూపించినా రెండూ కలిపే చూపించాలి.